పామాయిల్ గెల: తూనిక ఎవరి చేతిలో?

(మునిర్కాలో తెలుగు ఉద్యోగుల కుటుంబముల సమావేశమునకై సిద్ధపరుపబడిన ప్రసంగ పాఠము)



మునిర్కా ఒకప్పుడు సేద్యము చేసికొను పల్లె. స్వాతంత్ర్యానంతరము ఢిల్లీ నగరము దక్షిణమునకు విస్తరించినపుడు దాని పొలములు రామకృష్ణపురము ప్రభుత్వ నివాసములకును, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకును సేకరింపబడెను. నేడు ఈ ప్రాంతమున నివసించు తెలుగు కుటుంబములలో కొన్నింటికి గోదావరి, కృష్ణా, ఖమ్మం ప్రాంతములలో ఇంకను కొద్దో గొప్పో భూమి కలదు. సెలవులలో ఊరికి పోయినపుడు, "ఈ చేను పామాయిల్ తోట చేయుదమా?" అను ప్రశ్న వారికి ఎదురగుట సహజము. ఆ ప్రశ్నలో రైతు, మిల్లు, ప్రభుత్వము అను మూడు పక్షముల కథ ఇమిడియున్నది.

ఆయిల్ పామ్ పశ్చిమ ఆఫ్రికా నుండి వచ్చిన చెట్టు. హెక్టారుకు 143 మొక్కలు నాటుదురు. నాలుగవ ఏట నుండి దిగుబడి చేతికి వచ్చును. తరువాత పాతికేండ్లకు పైగా కాయుచునే యుండును. మంచి పోషణమున్నచో హెక్టారుకు నాలుగు టన్నుల వరకు నూనె లభించును. వేరుశనగ గాని, నువ్వు గాని దీని దరిదాపునకు రాజాలవు. అయితే ఈ పంటకొక స్వభావము కలదు. కోసిన గెల 24 గంటలలో మిల్లు చేరవలెను. ఆలస్యమైనచో నూనెలో ఆమ్లత్వము పెరిగి నాణ్యము చెడును. ధాన్యమువలె గాదెలో పోసి మంచి ధర కొరకు వేచియుండుటకు వీలులేదు. మిల్లు లేని చోట తోట నిరర్థకము. తోట లేని చోట మిల్లు నిరర్థకము. కావుననే ఈ పంటలో ప్రభుత్వమును, ప్రైవేటు సంస్థలును చేయి కలుపక తప్పినది కాదు.

1980 దశకము చివర కె. ఎల్. చడ్డా అధ్యక్షతన ఏర్పడిన సంఘము దేశములో ఈ పంటకు అనువైన ప్రాంతములను గుర్తించెను. 1993లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆయిల్ పామ్ ఉత్పత్తి, ప్రాసెసింగు క్రమబద్ధీకరణ చట్టము చేసెను. ఆ చట్టము ప్రకారము ఒక్కొక్క మిల్లునకు కొన్ని మండలములు కేటాయింపబడును. ఆ మండలముల రైతు తన గెలలను ఆ మిల్లునకే ఇయ్యవలెను. ఆ మిల్లు వచ్చిన గెలలన్నిటిని కొనవలెను. ధరను ప్రభుత్వము నిర్ణయించును. 1995లో పెదవేగిలో ఆయిల్ పామ్ జాతీయ పరిశోధన కేంద్రము వెలసెను. నారు, మిల్లు, సలహా కంపెనీల వంతు; రాయితీ, పరిశోధన, ధర ప్రభుత్వము వంతు; భూమి, నీరు, శ్రమ రైతు వంతు. నేడు దేశమున ఈ పంటలో అత్యధిక భాగము రెండు తెలుగు రాష్ట్రములదే.

ఇంతవరకు అంతయు సవ్యముగనే తోచును. చిక్కంతయు తూనికలో నున్నది. గెల ధర అందులో నుండి వచ్చు నూనె పాలుపై ఆధారపడును. నూరు టన్నుల గెలలకు 17 టన్నుల నూనె వచ్చినదా, 18 టన్నులు వచ్చినదా అనునది చూచుటకు చిన్న తేడా. కాని టన్ను గెలలకు అది పది కిలోల నూనె. ఏటా ఇరువది టన్నుల గెలలు కోయు రైతునకు రెండు వందల కిలోల నూనెపై లెక్క మారిపోవును. పచ్చి గెలలు కోసినను ఆ పాలు తగ్గును. మిల్లులో నష్టము జరిగినను తగ్గును. రైతు తన గెలను మరియొక మిల్లునకు తీసికొనిపోయి పోల్చి చూచుకొనుటకు చట్టము ఒప్పదు. మరి కొలత సరియైనదని అతడు నమ్ముట ఎట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము సహకార రంగమునుండి వచ్చెను. అశ్వారావుపేటలో ఆయిల్‌ఫెడ్ మిల్లు కలదు. రాష్ట్ర విభజనానంతరము అది తెలంగాణకు చెందెను. అచ్చటి నూనె పాలు తమ ప్రాంతపు పాలు కంటె హెచ్చుగ నుండుట ఆంధ్ర రైతులు గమనించిరి. పొరుగున లభించు ధర తమకును కావలెనని పట్టుపట్టిరి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ వ్యత్యాసమును తానే రైతులకు చెల్లింప నిర్ణయించెను. ఒక్క మిల్లైనను ప్రజల పక్షమున నిలిచి కొలత చూపుచున్నచో తక్కిన కొలతలను ప్రశ్నించుటకు అవకాశము చిక్కునని దీనివలన తేలినది. ఖజానానుండి తేడా చెల్లించుట తాత్కాలికోపశమనమే. కొలతను అందరియెదుట తనిఖీ చేయుటయే శాశ్వత మార్గము.

2021 ఆగస్టులో కేంద్రము 11,040 కోట్ల రూపాయల వ్యయముతో జాతీయ వంటనూనెల ఆయిల్ పామ్ పథకమును ఆమోదించెను. ముడినూనె ధరలో 14.3 శాతము గెల ధరగా మిల్లు చెల్లించవలెనని అందులో సూత్రము కలదు. ముడినూనె టన్ను లక్ష రూపాయలున్నచో గెలలు టన్ను 14,300. సూత్రము సులభమే, కాని ముడినూనె ధరను నిర్ణయించునది ఏలూరు గాని, ఖమ్మము గాని కాదు. 2022 ఏప్రిల్ చివర ఇండొనీషియా ఎగుమతులను నిషేధించి, మే నెలలో తిరిగి అనుమతించెను. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ దిగుమతిపై మూలసుంకమును కేంద్రము 20 శాతము చేసెను. 2025 మే చివర 10 శాతమునకు తగ్గించెను. సుంకము తగ్గిన నాడు మునిర్కా అంగడిలో గృహిణికి నూనె చవుక కావచ్చును. ఆ తగ్గుదలయే పెదవేగి రైతు గెల ధరపై భారమగును. ఈ రెండు ఇండ్లును ఒక్క కుటుంబమునవే కావచ్చును. ఢిల్లీ కార్యాలయములలో దస్త్రములు కదలించు తెలుగు ఉద్యోగులు ఈ సంగతి మరువరాదు.

తోట వేయదలచినవారు మూడు సంగతులు ముందుగా విచారింపవలెను. మొదటిది, తమ మండలము ఏ మిల్లునకు కేటాయింపబడినది, ఆ మిల్లు నడచుచున్నదా, లేక కట్టబోవుచున్నదా? రెండవది, వేసవి పొడవున ఈ చెట్టునకు చాలినంత నీరు బోరులో నిలుచునా? మూడవది, నూనె పాలును తేల్చుచున్నదెవరు, ఆ లెక్కను రైతు చూడవచ్చునా? మొదటి రెండింటికి ఊరిలోనే జవాబు దొరకును. మూడవదానిని రైతు ఒంటరిగా అడిగినచో జవాబు రాదు. సంఘముగా నిలిచి అడుగవలెను.

పొత్తు సేద్యములో పాళ్లు పంచుకొనునపుడు కుంచము నలుగురి ఎదుట నుంచుట తెలుగు పల్లెల మర్యాద. కొత్త పంట వచ్చినను, కోట్ల పెట్టుబడితో మిల్లు వెలసినను ఆ మర్యాద మారనక్కరలేదు. కుంచము దాచిన చోట పొత్తు నిలువదు.