ఫోను మాట కాదు, కాగితం చూపించమందాం

(కార్యకర్తల తరగతిలో చేసిన ఉపన్యాసం)



వాడ మీద దాడి జరిగితే మనం ముందు పోయేది పోలీసు స్టేషనుకే. ఎస్సై ఫిర్యాదు కాగితం తీసుకుంటాడు. బల్ల మీద పెట్టి "సాయంత్రం రాండి" అంటాడు. సాయంత్రానికి చట్టం మారుతదా? మారదు. ఫోనొస్తది! నాయకుడి ఇంటి నుంచి ఫోనొస్తది. తెల్లారేసరికి మన మీదనే ఎదురు కేసు తయారవుతది. రాజీ పడమని పెద్దమనుషులు దిగుతారు.

ఎస్సై ఎందుకు వింటాడు? ఆ పోస్టింగు నాయకుడి సిఫార్సుతో వచ్చింది కనుక. వినకపోతే బదిలీ. రాజ్యాంగంలోని 311వ అధికరణం విచారణ లేకుండా ఉద్యోగం ఊడగొట్టకుండా ఆపుతుంది, బదిలీని ఆపదు. అందుకే నాయకుల చేతిలో బదిలీ కొరడా అయింది. ఆ దెబ్బ ఆఫీసరుకు తగులుతుంది, వాత మాత్రం మన వీపు మీద తేలుతుంది.

ఎస్.ఆర్. శంకరన్ గారిని తలుచుకుందాం. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. సాంఘిక సంక్షేమ శాఖ ఉన్నతాధికారిగా ఆయన పల్లెలకు పోయి, మీ అప్పులు చెల్లిపోయినయని జీతగాళ్లకు చెప్పారు. దొరలకు మండింది. అప్పటి ముఖ్యమంత్రి ఆగ్రహించినా ఆయన తల వంచలేదు, సెలవు పెట్టి తప్పుకున్నారు. త్రిపుర ప్రభుత్వం పిలిచి ప్రధాన కార్యదర్శిని చేసింది. మరి నష్టపోయిందెవరు? ఇక్కడి జీతగాళ్లు!

అందరూ శంకరన్‌లు కాలేరు. మొదటిసారి తప్పు చేసినప్పుడు ఉద్యోగికి మనసు గుంజుతుంది. రెండోసారి "పై నుంచి ఒత్తిడి" అని సర్దిచెప్పుకుంటాడు. మూడోసారికి ఒత్తిడితో పనే లేదు, నాయకుడి మనసెరిగి తానే మన కాగితం పక్కన పడేస్తాడు. అసలు ప్రమాదం ఇదే. మన బిడ్డ ఆఫీసరైనా ఈ కొరడా కిందనే ఉంటాడు. కనుక మంచి ఆఫీసరు రావాలని ఎదురుచూస్తూ కూర్చుంటే లాభం లేదు.

నోటిమాట ఆదేశాలతో అధికారులు పని చేయొద్దు, వాటిని రాతలో పెట్టాలి అని 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగులకు ఒకచోట నిర్ణీత కాలం ఉండాలని కూడా చెప్పింది. ఈ తీర్పు ఆఫీసర్ల కోసమే అనుకోవద్దు, అది మనకు ఆయుధం.

ఏం చేయాలి? ఫిర్యాదు రాసి ఇవ్వండి, రసీదు అడగండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా తీసుకోవడం మన హక్కు. పని ఆపితే ఎవరి ఆదేశంతో ఆపారో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఎస్సీ, ఎస్టీ కాని ఉద్యోగి కావాలని విధి ఎగ్గొడితే, 1989 అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు ఉంది. ఆ సెక్షన్ పేరు స్టేషనులో నిలబడి గట్టిగా చెప్పండి! నిజాయితీగా పనిచేసినందుకు ఒక ఆఫీసరును బదిలీ చేస్తే అది మన వాడ సమస్యే, పదిమందిమి పోయి కారణం అడుగుదాం.

ఫోనుకు సాక్ష్యం ఉండదు. కాగితానికి ఉంటుంది. ఒక్కడు అడిగితే కసురుతారు, వాడంతా అడిగితే రాసిస్తారు.

జై భీమ్!