మెగా డ్రైవ్ లోపలే ఉన్న బొమ్మ, వేగం

ఇవాళ్టి విషయం ఒక పాత యంత్రం, సెగా మెగా డ్రైవ్. 1988 అక్టోబరు 29న జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడు జెనెసిస్ అనే పేరుతో అమెరికాకు, 1990లో ఐరోపాకు చేరింది. లోపల మోటరోలా రూపొందించిన 68000 ప్రాసెసర్, శబ్దం పనులకు తోడుగా జెడ్80, యమహా వారి వైఎం2612 సౌండ్ చిప్, బొమ్మ గీయడానికి సెగా సొంత వీడియో చిప్ ఉంటాయి. ముప్పై ఏళ్లు దాటిన ఈ పెట్టెను ఇప్పటికీ స్క్రూలు విప్పి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని, బొమ్మ తేటగా రావాలనీ ఆట తడబడకుండా నడవాలనీ శ్రమపడేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లు బయటి నుంచి తెచ్చి అతికించేది చాలా తక్కువ. మంచి బొమ్మా, అదనపు వేగమూ చాలామటుకు ఆనాటి బోర్డులోనే ఉన్నాయి. వాటికి దారి ఇవ్వడమే అసలు పని.

ముందు బొమ్మ సంగతి. వీడియో చిప్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలను మూడు వేర్వేరు దారుల్లో శుభ్రంగా బయటికి పంపుతుంది. 320 చుక్కల వెడల్పు, 224 గీతల ఎత్తు, 512 రంగుల్లోంచి 64 దాకా రంగులు. ఆ మూడు సంకేతాలూ పక్కనే ఉన్న మరో చిప్‌కి చేరతాయి. మొదటి మోడల్ బోర్డుల్లో అది సోనీ వారి సీఎక్స్‌ఏ1145. మూడింటినీ కలిపి ఒకే తీగలో పట్టేలా చెయ్యడం దాని ముఖ్యమైన పని. దాన్నే కాంపోజిట్ అంటారు, టీవీ వెనక పసుపు రంగు సాకెట్‌లోకి వెళ్లేది అదే. ఆర్‌ఎఫ్ అయితే ఇంకో మెట్టు కిందికి. ఆ కలిసిపోయినదాన్ని మళ్లీ ఒక టీవీ ఛానల్ తరంగం మీదికి ఎక్కించి యాంటెన్నా సాకెట్‌లోకి పంపాలి. పాలల్లో నీళ్లు కలిపేసి, వేరు చేసే పని టీవీకి అప్పగించడమే ఇది. టీవీ హంస కాదు. అందుకే అక్షరాల అంచులు చెదురుతాయి, ఎరుపు పక్కకి కారినట్టు కనిపిస్తుంది, సన్నటి గీతలున్న చోట ఇంద్రధనుస్సు చారలు పాకుతాయి.

అదే సోనీ చిప్ మూడు రంగులనూ విడివిడిగా బలపరిచి కూడా ఇస్తుంది. సెగా వాటిని దాచలేదు. వెనకున్న 8 పిన్నుల గుండ్రటి ఏవీ సాకెట్‌లోనే అవి సిద్ధంగా ఉన్నాయి. ఐరోపా టీవీలకు స్కార్ట్ సాకెట్ మామూలు విషయం కాబట్టి, అక్కడివాళ్లు సరైన కేబుల్ కొనుక్కుని ఆ రోజుల్లోనే ఆర్‌జీబీ, అంటే మూడు రంగులూ విడివిడిగా వచ్చే బొమ్మ చూశారు. మన ఇళ్లలోని టీవీలకు సాధారణంగా ఆ సాకెట్ లేదు. అయినా సంకేతం యంత్రం సాకెట్‌లో సిద్ధంగానే ఉంది కాబట్టి మెగా డ్రైవ్ విషయంలో మొట్టమొదట మార్చాల్సింది యంత్రాన్ని కాదు, కేబుల్‌ని. పెట్టె విప్పకముందే సగం మేలు జరిగిపోతుంది.

నింటెండో ఫామికామ్‌కి ఈ అదృష్టం లేదు. తొంభైల్లో ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో పిల్లలు 'టీవీ గేమ్' అంటూ ఆడిన పెట్టెలు చాలావరకు ఫామికామ్ నకళ్లే. కాంట్రా, మారియో క్యాసెట్లు పెట్టింది వాటిలోనే. ఫామికామ్ బొమ్మ చిప్ మూడు రంగులను విడిగా ఎప్పుడూ తయారుచెయ్యదు, నేరుగా కాంపోజిట్‌నే పుట్టిస్తుంది. లోపల లేనిదాన్ని బయటికి లాగలేం కదా. అందుకే టిమ్ వర్తింగ్టన్ అనే ఇంజనీరు ఎన్‌ఈఎస్‌ఆర్‌జీబీ అనే చిన్న బోర్డు రూపొందించాల్సి వచ్చింది. అసలు చిప్‌ని బోర్డు నుంచి ఊడదీసి, ఈ బోర్డు మీద కూర్చోబెట్టి, అది ఏ రంగు గీయబోతున్నదో పసిగట్టి ఆర్‌జీబీగా మార్చడం దాని పద్ధతి. గొప్ప పనితనమే. కానీ 40 కాళ్ల చిప్‌ని రాగి పట్టీలు లేచిపోకుండా ఊడదీయడం చెయ్యి తిరిగినవాళ్ల పని.

మెగా డ్రైవ్‌లో ఆర్‌జీబీ పెట్టగానే అంతా బాగైపోతుందా అంటే, ఒకచోట కాదు. 1991 నాటి సోనిక్ ది హెడ్జ్‌హాగ్ మొదటి అంచెలో జలపాతాలు ఉంటాయి. పారదర్శకత చూపే శక్తి ఆ వీడియో చిప్‌కి లేదు. కళాకారులు నిలువు గీతలను ఒకటి విడిచి ఒకటి గీసి వదిలేశారు. కాంపోజిట్ మసకలో ఆ గీతలు ఒకదాంట్లో ఒకటి కరిగి, నీటి వెనకున్న కొండ లీలగా కనిపిస్తుంది. ఆర్‌జీబీలో అదే జలపాతం నీలం కమ్మీల కిటికీలా నిలబడిపోతుంది. మసకను తిట్టుకునేవాళ్లు ఆ జలపాతాన్ని పాత టీవీలో ఒక్కసారి చూడాలి. ఆ బలహీనతను లెక్కలో వేసుకునే కళాకారులు బొమ్మ గీశారు. అయినా మొత్తమ్మీద ఆర్‌జీబీయే మేలు, అక్షరాలూ చిన్న చిన్న శత్రువులూ స్పష్టంగా కనిపించడం ఆటకు ప్రాణం.

ఎల్‌ఈడీ టీవీలతో మరో చిక్కు ఉంది. పాత ఆటలు ప్రతిసారీ పూర్తి బొమ్మనే పంపుతాయి. దాన్ని చాలా కొత్త టీవీలు సరి గీతలూ బేసి గీతలూ విడివిడిగా వచ్చే ప్రసారం అని పొరబడి, రెండేసి బొమ్మలను కలిపి కుట్టేస్తాయి. దెబ్బ తగిలి మినుకుమినుకుమనే పాత్ర ఉన్నట్టుండి మాయమవుతుంది, లేదా దువ్వెన పళ్లలా చీలుతుంది. ఈ కుట్టుపనికి టీవీ సమయం తీసుకుంటుంది గనక బటన్ నొక్కిన కాసేపటికి గానీ సోనిక్ ఎగరడు. ఫిన్లాండ్‌కు చెందిన మార్కస్ హీయెన్‌కారి రూపొందించిన ఓఎస్‌ఎస్‌సీ, మైక్ చీ తయారుచేసే రెట్రోటింక్ ఈ చిక్కు కోసమే పుట్టాయి. ఓఎస్‌ఎస్‌సీ పూర్తి బొమ్మను దాచుకోదు. వచ్చిన గీతను వచ్చినట్టే రెండింతలో, మూడింతలో, ఇంకా ఎక్కువో చేసి టీవీకి అందిస్తుంది. అందువల్ల దాని వైపు నుంచి ఆలస్యం లేనట్టే.

ఇక వేగం. ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి.

మొదటిది టీవీ పద్ధతి. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు సుమారు 60 బొమ్మల లెక్కలో నడిచేవి. మన దేశమూ ఐరోపాలో చాలా భాగమూ పాల్ పద్ధతి, 50. ఆటలు రాసినవాళ్లు బొమ్మల లెక్కనే గడియారంగా వాడుకున్నారు, ఒక్కో బొమ్మకు సోనిక్ ఇన్ని చుక్కలు కదలాలి అని. 60 కోసం రాసిన ఆటను మార్చకుండా 50 మీద నడిపితే ఆరింట ఒక వంతు నెమ్మదిస్తుంది. పాల్ యంత్రాల మీద మొదటి సోనిక్ పాటలు సైతం సాగదీసినట్టు వినిపించేవి. మరుసటి ఏడు వచ్చిన సోనిక్ 2లో పాటల వేగాన్ని సరిచేశారు గానీ ఆట నెమ్మదిగానే మిగిలింది. పైగా 224 గీతల బొమ్మ పాల్ తెర మీద పైనా కిందా నల్లటి పట్టీలతో నలిగినట్టు కూర్చుంటుంది.

దీనికి మందు మొదటి మోడల్ బోర్డు మీదే ఉంది. 50కీ 60కీ మధ్య నిర్ణయించే చిన్న జంపర్లు అక్కడ కనిపిస్తాయి. ఆ జంపర్ల దారికి 5 వోల్టులు ఇస్తే 60, గ్రౌండ్‌కి కలిపితే 50. మధ్యలో చిన్న స్విచ్ పెట్టుకుంటే సరి. పాల్ బోర్డులో తాళం వేసే క్రిస్టల్ 53.20 మెగాహెర్ట్జ్, అమెరికా బోర్డుది 53.69. ఆ కొద్ది తేడా వల్ల మార్చిన పాల్ యంత్రం 59.9 బదులు 59.4 దగ్గర నడుస్తుంది. చెవికీ కంటికీ అందే తేడా కాదది.

రెండోది ప్రాసెసర్ వేగం. పెద్ద క్రిస్టల్ లెక్కను ఏడుతో భాగిస్తే వచ్చే 7.67 మెగాహెర్ట్జ్ మీద 68000 నడుస్తుంది. అంటే ఒక్కో బొమ్మకు దానికి దొరికేవి సుమారు 1,28,000 టిక్కులు. శత్రువులను కదపడం, తూటాలు తగిలాయో లేదో చూడటం, కొత్త బొమ్మ సిద్ధం చెయ్యడం, అన్నీ అందులోనే ముగియాలి. ముగియకపోతే తర్వాతి బొమ్మ దాకా ఆగాలి, ఆట ఒక్కసారిగా సగం వేగానికి పడిపోతుంది. సోనిక్ దెబ్బ తిని చేతిలోని ఉంగరాలు చెల్లాచెదురైనప్పుడు, థండర్ ఫోర్స్ 4లో తెర నిండా తూటాలు కమ్ముకున్నప్పుడు జరిగేది ఇదే. 1992, 93ల్లో వచ్చిన త్రీడీ ఆటల్లోనైతే ప్రతి బొమ్మా లెక్కలతోనే కట్టాలి కాబట్టి, అవి మొదటి నుంచి చివరి దాకా కుంటుతూనే నడిచేవి.

పెద్ద క్రిస్టల్‌ని ఏడు బదులు ఐదుతో భాగిస్తే 10.74, నాలుగుతో భాగిస్తే 13.42. ఆ వేగాన్ని 68000కి మాత్రమే ఇవ్వడమే ఓవర్‌క్లాకింగ్. మొదటి మోడల్‌లో ఆ ప్రాసెసర్ 64 కాళ్ల పొడవాటి ఐసీ. 15వ కాలు క్లాక్. ఆ ఒక్క కాలునే వేడిచేసి, బోర్డు నుంచి మెల్లగా పైకి వంచి, కొత్త క్లాక్ తీగ దానికి అతికిస్తారు. కింద మిగిలిన రంధ్రంలో పాత 7.67 అలాగే ఉంటుంది, సౌండ్ చిప్‌కి అందేది అదే. అందుకే పాట శ్రుతి మారదు. ఆట పరుగులు పెట్టదు, ఎందుకంటే ఇప్పటికీ బొమ్మల లెక్కే గడియారం. తడబాటు మాత్రం పోతుంది. 10.74 దగ్గర ఒక్కో బొమ్మకు సుమారు 1,79,000 టిక్కులు దొరుకుతాయి.

ఆట మధ్యలో వేగం మార్చుకోవాలంటే, ఊరికే స్విచ్ తిప్పితే ప్రాసెసర్ కంగారుపడి ఆట గడ్డకట్టుకుపోవచ్చు. 17వ కాలు హాల్ట్. దాన్ని ఒక్క క్షణం గ్రౌండ్‌కి కలిపి ఆపి, క్లాక్ మార్చి, వదిలేస్తే ఆట ఆగిన చోటి నుంచే సాగుతుంది. ఇలాంటి చిన్న సౌకర్యాలను ఆ చిప్ రూపొందించినవాళ్లు 1970ల చివర్లోనే ఆలోచించి పెట్టారంటే ముచ్చటేస్తుంది.

13.42 దాకా వెళ్లాలా అంటే, వద్దనడమే సబబు. బోర్డుల మీద కనిపించే 68000లు చాలావరకు 8 మెగాహెర్ట్జ్‌కి రాసిచ్చినవి. ప్రాసెసర్ క్యాసెట్‌లోంచి ఒక్కసారి చదవడానికి నాలుగు టిక్కులు పడతాయి. 7.67 దగ్గర అది 520 నానోసెకన్లు, 13.42 దగ్గర 300 లోపు. క్యాసెట్లలోని పాత రోమ్ చిప్పులన్నీ అంత త్వరగా బదులివ్వలేవు. జెడ్80తో సంప్రదింపులు తప్పిపోయి శబ్దాలు పాడయ్యే ఆటలూ ఉన్నాయి. 10.74 దగ్గర చాలా ఆటలు హాయిగా నడుస్తాయి. అంతకన్నా ముందు చూడాల్సింది కరెంటు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే వాటిని మార్చాలి. 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్ల వేడిని పట్టుకునే హీట్‌సింక్ గట్టిగా బిగించి ఉందో చూడాలి. అవి సరిగ్గా లేని బోర్డుకి ఎంత మంచి కేబుల్ పెట్టినా బొమ్మ మీద చారలు పోవు.

ఐరన్ ముట్టుకోకుండా వేగం తెచ్చిన పద్ధతి కూడా ఒకటి చెప్పుకోవాలి. సూపర్ నింటెండో ప్రాసెసర్ అత్యధిక వేగం 3.58 మెగాహెర్ట్జ్. గ్రేడియస్ 3 ఆట దాని మీద బుడగల మధ్య నత్తనడక నడిచేది. కొన్ని సూపర్ నింటెండో క్యాసెట్ల లోపల ఎస్‌ఏ-1 అనే 10.74 మెగాహెర్ట్జ్ తోడు ప్రాసెసర్ ఉండేది, 1996 నాటి సూపర్ మారియో ఆర్‌పీజీ అందులో ఒకటి. బ్రెజిల్ ప్రోగ్రామర్ విటోర్ విలేలా 2019లో గ్రేడియస్ 3 ప్రోగ్రామ్‌ని ఆ తోడు ప్రాసెసర్ మీద నడిచేలా తిరగరాసి విడుదల చేశాడు. మందగమనం మాయమైంది. అయితే తూటాల సందుల్లోంచి దూరడానికి ఆటగాళ్లకు ఇన్నాళ్లూ వ్యవధినిచ్చింది ఆ మందగమనమే. అది పోయాక అదే ఆట మరింత కఠినమైంది. ఓవర్‌క్లాక్ చేసిన మెగా డ్రైవ్‌కి 7.67కి తిరిగివెళ్లే స్విచ్ తప్పనిసరిగా ఉండాలనడానికి ఇదీ ఒక కారణం. థండర్ ఫోర్స్ 4 ఆటను రెండు వేగాల మీదా ఆడి, తూటాలు కమ్ముకునే ఘట్టంలో ఏది నచ్చిందో ఎవరికి వారు తేల్చుకోవచ్చు.