భక్తకవి పురుషోత్తమ చౌదరి



నేటి ప్రసంగమునకు విషయము పురుషోత్తమ చౌదరిగారి జీవితము. వారు 1803లో మన ఉత్తరపు సీమయందు జన్మించి, 1833లో క్రైస్తవ మతమును స్వీకరించి, పిమ్మట దీర్ఘకాలము బోధకులుగా సేవచేసి, 1890లో దివంగతులైరి. తెలుగు క్రైస్తవులు నేటికిని పాడుకొను కీర్తనలలో పెక్కు వారి రచనలే. శ్రోతలు ఏ మతమువారైనను ఈ చరిత్ర వినదగినది. ఏలయన, తాను సత్యమని నమ్మినదానికొరకు మనుష్యుడు వేనిని విడువవచ్చును, దేనిని విడువరాదు అను ప్రశ్న అందరకును సంబంధించినది. చౌదరిగారు ఆ ప్రశ్నకు మాటలతో గాక నడవడితో సమాధానము చెప్పిరి.

పలాస, సోంపేటల పరిసరములందు గల తీరమును ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఆ సీమ ఆ పేరునకు తగియే యున్నది. ఆ ప్రాంతమున నేడు బాప్తిస్టు సంఘములును, పెంతెకొస్తు సంఘములును గలవు. వీనిలో పెంతెకొస్తువారు తెలుగుదేశమునకు ఇటీవల వచ్చినవారు. కేరళము నుండి వచ్చిన బోధకులు ఇరువదవ శతాబ్దపు నాల్గవ దశకమున గోదావరి, కృష్ణా మండలములలో ఈ బోధను వ్యాపింపజేసిరి. ఇండియా పెంతెకొస్తు దేవుని సంఘము 1935లో ఏలూరులో రిజిస్టరు చేయబడెను. నీటిలో ముంచి ఇచ్చు బాప్తిస్మము, పరిశుద్ధాత్మ వరములు, రోగులకొరకు ప్రార్థన, గొంతెత్తి పాడు పాట, ఇవి ఆ సంఘములకు ముఖ్యలక్షణములు. అయితే ఆ సంఘములు పుట్టుటకు నూరేండ్లు ముందుగనే, ఈ నేలమీద క్రైస్తవ భక్తిని తెలుగు రాగతాళములలో పాడుటకు బాటవేసిన బోధకులు చౌదరిగారు. పెంతెకొస్తు సేవకుల దీర్ఘసేవను గూర్చి తలచువారు మొదట తలచవలసినది వీరినే యని నా అభిప్రాయము.

చౌదరిగారి జన్మస్థలము నాటి గంజాము జిల్లాలో పర్లాకిమిడి సీమకు చేరిన మదనాపురము. వీరి వంశము వంగదేశము నుండి వచ్చిన వైదిక బ్రాహ్మణ వంశము. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. ఈ పేళ్లను ఒక్కమారు గమనింపుడు. కూర్మనాథుడనగా మన శ్రీకూర్మము జ్ఞప్తికి వచ్చును. పురుషోత్తముడు, సుభద్ర అనగా పూరీ క్షేత్రము జ్ఞప్తికి వచ్చును. ఒక్క ఇంటిలోనే వంగదేశపు వంశము, ఓఢ్రదేశపు దైవము, తెలుగుసీమ తీర్థము కలసియున్నవి. పర్లాకిమిడి ప్రాంతమే అట్టిది. అచ్చట తెలుగు, ఒరియా, సవర భాషలు ఒక్క సంతలోనే వినబడును. తరువాతి కాలమున, 1863లో ముఖలింగ క్షేత్రసమీపమున జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులై, సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు వారు ఆ ఊరు విడచి రాజమహేంద్రవరమునకు తరలిరి. భాష యనగా ఏమో ఆ సీమవారికి ఎరుకయే. అట్టి సీమలో పెరిగిన చౌదరిగారికి పలు భాషలు తెలియుటలో వింతలేదు. అందులో తెలుగును తమ భక్తికి వాహనముగా వారు ఎన్నుకొనుటయే విశేషము.

నాటికి క్రైస్తవ బోధ తెలుగుతీరమునకు క్రొత్త. లండను మిషనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. వారిలో మొదటివారైన క్రాను, డెగ్రాంజి అను బోధకులు కొలది యేండ్లలోనే మరణించిరి. వారు ఆనందరాయరు అను తెలుగెరిగిన బ్రాహ్మణుని సాయముతో ప్రారంభించిన సువార్తల తెలుగు అనువాదము 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. ఉత్తరమున ఇంగ్లండు బాప్తిస్టులు 1822లో కటకమున పని ఆరంభించిరి. ఈ రెంటికి నడుమనున్న శ్రీకాకుళమున దొరల కొలువులు, సిపాయీల పాళెము ఉండుటచే కొందరు ఐరోపావారు కాపురముండిరి. అచ్చటనే హెలెన్ నాట్ అను క్రైస్తవ స్త్రీ వలన చౌదరిగారికి ఈ బోధ పరిచయమైనదని చెప్పుదురు. శాస్త్రములు చదివిన బ్రాహ్మణ యువకుడు చిన్న అచ్చుపుస్తకములను చదివి, చర్చించి, తన మనస్సులో తర్కించి, చివరకు నిశ్చయమునకు వచ్చెను. 1833లో కటకము చేరి బాప్తిస్మము పొందెను. అప్పటికి వారి వయస్సు 30 సంవత్సరములు. కటకపు బాప్తిస్టులది నిమజ్జన బాప్తిస్మము, అనగా మనుష్యుని నీటిలో పూర్తిగా ముంచి లేవనెత్తుట. నేటి పెంతెకొస్తువారి ఆచారమును అదియే.

శ్రీకాకుళము నుండి కటకము రెండువందల మైళ్లకు పైగా దూరము. నేడు పలాస స్టేషనులో రైలెక్కినవారు కొన్ని గంటలలో అచ్చట దిగుదురు. చౌదరిగారి జీవితకాలమున ఆ రైలుదారియే లేదు. తూర్పుతీరపు రైలుమార్గము 1893 మొదలు 1896 వరకు క్రమముగా తెరువబడెను. చౌదరిగారు అప్పటికి గతించియే యుండిరి. టెక్కలి, కాశీబుగ్గ, సోంపేట, ఇచ్ఛాపురము, బరంపురము, చిలికసరస్సు ప్రక్కగా సాగిపోవు ఆ పాతదారియే ఉత్తరమునకు పోవు బాటసారికి గతి. కాలినడకనో, ఎడ్లబండిమీదనో, వానకాలమున ఏరులు దిగువరకు గట్టున కాచుకొనియో పోవలెను. అట్టి దారులలో గడచిన జీవితము వారిది.

ఇక వారు విడచినవి ఏవి? ఈ సంగతి నేటివారు సులభముగా గ్రహింపజాలరు. మతము మార్చిన బ్రాహ్మణుడు ఆ దినమునుండి తన ఇంటిలో పంక్తికి దూరమగును. తండ్రికి కర్మచేయుటకు అర్హుడు గాడు. బంధువుల దృష్టిలో బ్రదికియుండియు చచ్చినవానితో సమానుడు. ఇది యొక్కటియే గాదు. మతము మార్చినవానికి పిత్రార్జితమున హక్కు నిలుచునని చెప్పు శాసనము నాడు ఈ ప్రాంతమున లేకుండెను. 1850లో చేసిన 21వ చట్టముతో మాత్రమే అట్టి రక్షణ కలిగెను. చౌదరిగారు నిశ్చయము చేసికొన్నది దానికి 17 సంవత్సరములు ముందు. భూమి, బంధువు, గౌరవము, ఈ మూడును పోవునని తెలిసియే వారు అడుగు వేసిరి. భార్యయు కాలక్రమమున వారితో కలసి ఆ మార్గముననే నడచెను. ఆ ఇల్లాలి కష్టమును ఎవరును పద్యముగా వ్రాయలేదు. కాని భర్తకు దారి తన మనస్సు చూపినది. ఆమెకు దారి ముండ్లమీద నడచి తానే వెదకికొనవలసివచ్చినది. ఈ చరిత్ర చెప్పునప్పుడు ఆమెను మరచుట న్యాయము గాదు.

ఇన్నింటిని విడచిన చౌదరిగారు ఒక్కదానిని మాత్రము విడువలేదు. అది తాము పెరిగిన సీమ పలుకు, ఆ పలుకులోని పాట.

నాటి పాశ్చాత్య బోధకులు తమ దేశపు స్వరములకు తెలుగు మాటలను కూర్చి పాడించుట కలదు. పాపము, వారికి తెలిసిన పద్ధతి అది. కాని మన రైతునకు, జాలరికి ఆ స్వరము నోటికి పట్టదు. పట్టినను చెవికి ఇంపుగానుండదు. చౌదరిగారు వేరుదారి త్రొక్కిరి. మన వాగ్గేయకారులు తరతరములుగా వాడిన పల్లవి, అనుపల్లవి, చరణములను, మన రాగములను, మన తాళములను గైకొని, వానిలో క్రీస్తుభక్తిని నింపిరి. తెలుగు క్రైస్తవుల కీర్తనల పుస్తకము తెరచి చూడుడు. పాట తలపై రాగము పేరు, తాళము పేరు వ్రాసియుండును. తనను కావుమని భగవంతుని వేడుకొను దీనుని ఆర్తి, తన మనస్సును తానే మందలించుకొను భక్తుని ధోరణి, ఇవి మన జనులకు చిరపరిచితములే. వినువాడు బోధను ఒప్పినను ఒప్పకున్నను, పాట తన ఊరిదేయని గుర్తించును.

దీని ఫలితమేమి? నాడు పల్లెలలో చదువెరిగినవారు అతిస్వల్పము. అచ్చుపుస్తకము ఇచ్చినను చదువగలవారు లేరు. బోధకుడు ఒక ఊరికి వచ్చి రెండుదినములుండి పోయిన, మరల వచ్చుటకు నెలలు పట్టును. ఆ నడిమి కాలమున బోధ ఎట్లు నిలుచును? పాట వలననే నిలుచును. దంపునప్పుడు, నాటునప్పుడు, వల లాగునప్పుడు నోటికి వచ్చునది ప్రసంగము గాదు, పాట. అక్షరము రాని అవ్వకును పాట వచ్చును. ఆమె వద్ద మనుమడు నేర్చును. ఈ రహస్యము మన భజనమండలులకు, హరికథకులకు, జంగములకు ఎప్పుడో తెలిసినదే. చౌదరిగారు దానిని క్రైస్తవ సంఘమునకు తెచ్చిరి.

మతము మార్చినవాడు పాతమతపు కీర్తనపద్ధతిని ఏల ఉంచుకొనెనని అడుగువారు ఉండవచ్చును. మా పద్ధతిని తీసికొని వేరుదైవమును పాడెనేయని నొచ్చుకొనువారును ఉండవచ్చును. ఇరువురకును సమాధానము ఒక్కటే. రాగము ఏ ఒక్కరి సొత్తును గాదు. అది ఈ నేల గాలివంటిది. ఇచ్చట పుట్టిన ప్రతివాడును పీల్చును. మతము మనుష్యుని అంతరంగపు నిశ్చయము. భాష అతనికి ఊరు ఇచ్చిన భిక్ష. మొదటిదానిని మార్చుకొన్నవాడు రెండవదానికి ద్రోహము చేయవలసిన పనిలేదు. చౌదరిగారి జీవితము చెప్పు ముఖ్యమైన మాట ఇదియే.

విశాఖపట్టణము, శ్రీకాకుళము, బరంపురము, కటకము, ఈ పట్టణములతో వారి సేవ ముడివడియున్నది. మిషనులలో బాప్తిస్మపు పద్ధతి మొదలగు విషయములందు భేదములుండెను. కాని చౌదరిగారి పాటలు ఆ గోడలను లెక్కచేయలేదు. 1866లో ఒరిస్సాలోను గంజాములోను మహాక్షామము కలిగి జనులు మలమలమాడి చనిపోయిన కాలమును వారు చూచిరి. 1874లో కెనడా బాప్తిస్టు మిషనువారు కాకినాడలో స్థిరపడి, పిమ్మట శ్రీకాకుళము, టెక్కలి, సోంపేటల వరకు తమ పనిని విస్తరింపజేసిరి. వారికి ఈ సీమలో తెలుగు కీర్తనలు సిద్ధముగనే దొరకినవి. వెనుక వచ్చిన సంఘములన్నియు ఆ పంటనే భుజించినవి.

ఇప్పుడు నేటి ఉద్దానమును గూర్చి ఒక్కమాట. ఆ సీమను మూత్రపిండముల వ్యాధి చిరకాలముగా పీడించుచున్నది. దాని కారణమును శాస్త్రజ్ఞులు ఇంకను పూర్తిగా నిర్ణయింపలేదు. 2018 అక్టోబరు 11వ తేదీన వచ్చిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను నేలమట్టము చేసెను. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభింపబడెను. ఇట్టి సీమలో ఏండ్లతరబడి సేవచేయు సంఘకాపరి పని సామాన్యమైనది గాదు. తెల్లవారకమునుపే డయాలిసిస్ కొరకు బయలుదేరు రోగికి ధైర్యము చెప్పవలెను. ఇంటి యజమాని పోయిన కుటుంబమున పిల్లల చదువు ఆగకుండ చూడవలెను. పెంతెకొస్తు సంఘములలో రోగికొరకు ప్రార్థన ముఖ్యము గనుక, ఆ కాపరుల భారము మరింత పెద్దది. ప్రార్థింపవలెను, కాని ప్రార్థన నెపముతో రోగిని వైద్యునివద్దకు పోనీయకుండుట ఘోరమైన తప్పు. ఒక్క వారము డయాలిసిస్ తప్పిన ప్రాణమునకే ముప్పు. తలపై చేయియుంచి ప్రార్థించిన కాపరియే రోగిని చేయిపట్టి ఆసుపత్రికి తీసికొనిపోయిన, ఆ ప్రార్థనకు జనులలో గౌరవము పెరుగునే గాని తగ్గదు. ఈ మాట మంత్రము వేయువారికి, తాయెత్తు కట్టువారికిని సమానముగా వర్తించును. గ్రామపెద్దలు ఈ విషయమున ఊరకుండరాదు.

ఏండ్లు గడచినంత మాత్రమున సేవ దీర్ఘసేవ కాదు. జనుల నోటిలోని పలుకును తన పలుకుగా, జనుల బాధను తన బాధగా చేసికొన్నవాని సేవయే వాని తరువాతను నిలుచును. చౌదరిగారు గతించి నూటముప్పది యేండ్లు దాటినది. వారిని వెలివేసిన పంక్తి నేడు లేదు. వారు నడచిన దారిప్రక్క రైలుబండ్లు పరుగెత్తుచున్నవి. వారు కూర్చిన పాట మాత్రము ఇంకను పల్లెలలో ప్రాతఃకాలమున వినబడుచున్నది. మీ ఊరిలో ఆ పాటలు ఎరిగిన వృద్ధులున్నచో, వారివద్ద రాగతాళములతోసహా పిల్లలచే నేర్పింపుడు. ఏ మతపు పాటయైనను, తెలుగుపాట ఒకటి నశించిన నష్టము మనందరిది.