చాట మీద కొలువు

ఆఫీసు మర్యాదల గురించి చాలా వింటుంటాం. ఏసీ గది, గుర్తింపు కార్డు లేని కొలువుల సంగతేంటి?

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. పన్నెండు గంటల షిఫ్టులో ఒక్కో కార్మికుడు ఒకటికి మించి సాంచాలు చూసుకుంటాడు. ఆ మోతలో మాట వినపడదు, సైగలే భాష. నూలు సేటుది, సాంచాలు ఆసామివి, చేతులు కార్మికుడివి. ఆసామి సేటు దగ్గర కూలీ, షెడ్డులో యజమాని. కూలి పెంచమంటే ఎవరిని అడగాలి? ఆసామి సేటును చూపిస్తాడు, సేటు మార్కెట్టును చూపిస్తాడు.

జగిత్యాల, కోరుట్ల వైపు చాలా ఇళ్లలో కొలువంటే ఒళ్లో చాట. తడిపిన తునికాకును కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడతారు. ఒక కట్టకు ఇరవై అయిదు బీడీలు. అసలు పరీక్ష బీడీలు అప్పగించే కార్ఖానా గడప దగ్గర. బాగాలేవని పక్కకు తీసిన బీడీలకు కూలి ఉండదు. ఇచ్చిన ఆకు లెక్కకు చాలకపోతే చుట్టే మహిళే కొనుక్కొని పూడుస్తుంది. గట్టిగా మాట్లాడితే రేపు ఆకు అందదేమోనన్న భయం. ఆ మౌనాన్ని ఓపిక అనడం నాకు నచ్చదు.

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవారినీ కార్మికులుగానే గుర్తించింది. ముడిసరుకు పంపిణీ, బీడీల తిరస్కరణపై తగాదా వస్తే అధికారి ముందు పెట్టొచ్చని కూడా రాసింది. కాకపోతే, ఆ గడప దగ్గర ఆ చట్టం ఎవరి నోటా వినపడలేదు.