తండా, గూడెం: రెండు వలసలు

కురవి చుట్టూ ఎటు వెళ్లినా తండాలే. ఈ తండాల్లోని లంబాడీల పూర్వీకులు రాజస్థాన్ వైపు నుంచి వచ్చినవాళ్లు. మొగలు సైన్యాల వెంట ఎడ్ల మీద ధాన్యం మోశారు. ఊరూరా ఉప్పు అమ్మారు. రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. సేద్యంలోకి దిగారు. 1976 చట్ట సవరణతో తెలంగాణలో ఎస్టీలయ్యారు. మలుపు అక్కడే. చదువులు, కొలువులు వచ్చాయి. 2018లో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. పేదరికం పోలేదు. కానీ అడిగే గొంతు వచ్చింది.

ఇక భూపాలపల్లి అడవుల్లో గుత్తికోయలనే ఆదివాసులున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో 2005 తర్వాత మావోయిస్టులకూ, వాళ్లకు వ్యతిరేకంగా లేచిన సల్వాజుడుం దళాలకూ మధ్య నలిగి, చాలామంది ఊళ్లు వదిలి ఇటు వచ్చారు. అక్కడ వాళ్లు ఎస్టీలు. సరిహద్దు దాటితే కారు. అటవీ హక్కుల చట్టం గడువు 2005 డిసెంబరు 13. ఆ తర్వాత కొట్టిన పోడుకు పట్టా రాదు. అందుకే మిరపకాయలు ఏరే కూలికి పోతారు.

కష్టంలో తేడా లేదండీ. తేడా కాగితంలో ఉంది. మళ్లీ చెబుతున్నాను, కాగితంలోనే ఉంది. ఇక్కడే పుట్టిన గుత్తికోయ పిల్లలు పదో తరగతి వయసుకొచ్చారు. వాళ్ల కుల ధ్రువపత్రం సంగతి ప్రభుత్వాలు వెంటనే తేల్చాలి. హాస్టల్ సీటుకైనా, స్కాలర్‌షిప్‌కైనా మొదట అడిగేది దాన్నే.