జీతపు సిపాయిలు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



హైదరాబాదులో అశోక్ నగరు, చిక్కడపల్లి వీథుల నుండి నారాయణగూడ మీదుగా అబిడ్సు వైపు పోవువారికి గన్‌ఫౌండ్రీ అను పేట తగులును. రేమండు అను ఫ్రెంచివాడు నిజామునకు ఫిరంగులు పోయించిన చోటది. అతడు జీతమునకు పోరాడు సేనాని. జనులు అతనిని మూసా రాం అనిరి. మూసారాంబాగు అతని పేరిటిదే.

ఐరోపాలో ఇట్టివారు అంతకు మూడు శతాబ్దుల ముందే ఉండిరి. పొడవైన బల్లెములు పట్టిన జర్మను కాల్బలమును లాండ్స్‌క్నెక్టులనిరి. 1527లో జీతములందక వారు తిరుగబడగా, నచ్చజెప్పబోయిన సేనాని ఫ్రుండ్స్‌బెర్గు కుప్పకూలెను. మే 6న వారున్న సేన రోము నగరమును కొల్లగొట్టెను.

మన నగరమునందును ఇట్టిదే జరిగెను. 1798 మార్చిలో రేమండు మరణించెను. సెప్టెంబరు 1న నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొని, ఫ్రెంచి దళమును రద్దుచేయ నొప్పుకొనెను. అక్టోబరులో బాకీ జీతములకై సిపాయిలు తమ అధికారులనే నిర్బంధించిరి. ఆంగ్ల సేన చుట్టుముట్టగా, బాకీలు చెల్లింతుమన్న మాటపై వేలమంది ఆయుధములు దించిరి. ఫ్రెంచి ప్రాబల్యమంతటితో ముగిసెను.

దోషము సిపాయిది మాత్రమే కాదు. కష్టమునకు కూలి ఎగవేసిన ప్రభువుది. జీతముపై నిలిచిన కోట జీతము నిలిచిననాడే కూలును. ఇరువదియైదేండ్లు జీతమాశింపక ఈ గ్రంథాలయమును నిలిపిన మీకు నా వందనములు.