పొరుగువారి పంతం
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మా తాతగారి తండ్రి చెరకు తోటలో పని చేయడానికి నేటాలుకు వచ్చారు. తాతగారు, ఆయన తరువాత మా నాన్నగారు బడిపంతుళ్ళు. మూడవ తరంలో నేనూ బడిపంతులునే. నా తెలుగు ఇంట్లో విన్నది కొంత, సాయంకాలపు తరగతిలో పలక పట్టి నేర్చుకున్నది కొంత. పెద్ద మాటలు నాకు రావు గనుక చిన్న మాటలతోనే ఈనాటి విషయం మనవి చేస్తాను.

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉంటున్నారు. అక్కడ డర్హమ్ అని ఒక పట్టణం ఉంది. మన డర్బన్‌కు రెండక్షరాలే తేడా అని మా మనుమడు నవ్వుతాడు. ఆ పట్టణంలోని ఒక కళాశాలకూ, పొరుగునున్న గ్రీన్స్‌బరోలోని మరొక కళాశాలకూ ఆటలలో గొప్ప పంతం. రెండూ నల్లజాతీయుల కోసం ఏర్పడినవే. అమెరికా ఆటల గోల మన తెలుగు సభలో ఎందుకని మీరు అడగవచ్చు. కొంచెం ఓపికపడితే అది మన కథ కూడా ఎలా అయిందో చెబుతాను.

అమెరికాలో బానిసత్వం 1865లో చట్టరీత్యా పోయింది. బానిసత్వం పోయినా దక్షిణాది రాష్ట్రాలలో తెల్లవారి కళాశాలల తలుపులు నల్లవారికి తెరుచుకోలేదు. అందుచేత చర్చీలు, దాతలు, నల్లవారే పైసా పైసా కూడబెట్టి వేరే కళాశాలలు స్థాపించారు. 1890లో కేంద్ర ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వ్యవసాయ, యాంత్రిక విద్యకు కేంద్రం ఇచ్చే డబ్బు కావాలంటే నల్ల విద్యార్థులను కూడా చేర్చుకోవాలి, లేదా వారికి వేరే కళాశాల పెట్టాలి అన్నది దాని సారాంశం. దక్షిణాది రాష్ట్రాలు వేరే కళాశాలలే పెట్టాయి. గ్రీన్స్‌బరో కళాశాల అలా 1891లో పుట్టినదే. ఇప్పుడు దాని పేరు నార్త్ కరోలినా ఏ అండ్ టి విశ్వవిద్యాలయం. డర్హమ్ కళాశాలను జేమ్స్ షెపర్డ్ అనే ఆయన 1910లో ప్రారంభించారు. 1923లో అది రాష్ట్ర ప్రభుత్వ కళాశాల అయింది. ఇప్పటి పేరు నార్త్ కరోలినా సెంట్రల్ విశ్వవిద్యాలయం. ఇటువంటివి ఈనాడు అమెరికాలో సుమారు వంద ఉన్నాయి.

ఈ కళాశాలల మధ్య మొట్టమొదటి ఫుట్‌బాల్ ఆట 1892 డిసెంబరు 27న ఇదే రాష్ట్రంలోని సాలిస్‌బరీ పట్టణంలో జరిగింది. అమెరికావారి ఫుట్‌బాల్ మన సాకర్ కాదు. అది రగ్బీకి దాయాది. ఆ రోజుల్లో అయితే రగ్బీకి ఇంకా దగ్గరగా ఉండేది. ఆడినది సాలిస్‌బరీలోని లివింగ్‌స్టన్ కళాశాల, 65 కిలోమీటర్ల దూరాన షార్లెట్ పట్టణంలోని బిడిల్ కళాశాల. మన ఆఫ్రికా అంతా తిరిగిన డేవిడ్ లివింగ్‌స్టన్ పేరే ఆ కళాశాలకు పెట్టారు. ఆటగాళ్ళ దగ్గర డబ్బు లేదు. తలా కొంచెం వేసుకుని బంతి కొన్నారు. కుట్టుపని నేర్చుకునే విద్యార్థినులు జట్టుకు దుస్తులు కుట్టిపెట్టారు. రోజూ తొడుక్కునే బూట్ల అడుగున జారకుండా బిళ్ళలు వేసుకుని మైదానంలో దిగారు.

ఆ రోజు మంచు కురిసి మైదానం మీది గీతలు కప్పుకుపోయాయి. లివింగ్‌స్టన్ ఆటగాడొకడు జారిన బంతిని పట్టుకుని గోలు దాకా పరుగెత్తాడు. బంతి గీత దాటిపోయింది కనుక అది చెల్లదని బిడిల్ వారు, దాటలేదని లివింగ్‌స్టన్ వారు వాదులాడుకున్నారు. తీర్పరి బిడిల్ పక్షాన చెప్పాడు. బిడిల్ 5-0తో గెలిచింది. గీత కనబడని మంచులో పుట్టిన ఆ వాదం నూట ముప్పై ఏళ్ళు దాటినా తీరలేదు. బిడిల్ పేరు తరువాత జాన్సన్ సి. స్మిత్ విశ్వవిద్యాలయంగా మారింది. పేరు మారినా పంతం మారలేదు.

ఇక మన రెండు పొరుగు కళాశాలల సంగతికి వస్తాను. గ్రీన్స్‌బరో నుండి డర్హమ్‌కు సుమారు 85 కిలోమీటర్లు. మనకు డర్బన్ నుండి పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఎంతో, ఇంచుమించు అంత. ఏ అండ్ టి వారి రంగులు నీలం, బంగారు రంగు. వారిని ఆగీలు అంటారు, అంటే సేద్యగాళ్ళు. సెంట్రల్ వారి రంగులు మెరూను, బూడిద రంగు. వారిని ఈగిల్స్ అంటారు, అంటే గద్దలు. 1924లో మొదటిసారి తలపడ్డారు. పొలానికీ ఆకాశానికీ అప్పటినుండి జగడమే.

ఈ పంతం అంత గట్టిగా ఉండడానికి కారణాలున్నాయి. మొదటిది, వారు తెల్ల కళాశాలలతో ఆడే వీలు లేదు. ఆడితే తమలో తాము ఆడుకోవాలి. దక్షిణాదిలో హోటలు గది ఇచ్చేవారు లేనప్పుడు, దూరప్రయాణం ప్రమాదమైనప్పుడు, బస్సులో వెళ్ళి చీకటిపడేలోగా తిరిగిరాగల పొరుగువాడే ప్రత్యర్థి. రెండవది, ఒక్కొక్క కుటుంబంలోనే అన్న ఒక కళాశాల, తమ్ముడు రెండవ కళాశాల. చుట్టుపక్కల నల్ల బడులలో పంతుళ్ళు, చర్చీలలో బోధకులు ఎక్కువగా ఇటువంటి కళాశాలలలో చదివినవారే. ఆటలో ఓడితే మరునాడు బడిలో తలెత్తుకోవడం కష్టం. మూడవది, పెద్ద తెల్ల పత్రికలు ఈ ఆటలను పెద్దగా పట్టించుకోలేదు. నల్లవారి పత్రికలే వ్రాశాయి. పిట్స్‌బర్గ్ కూరియర్ అనే పత్రిక 1920 నుండి ఏటేటా నల్ల కళాశాలల విజేతను తానే ప్రకటించేది. లోకం చూడని మైదానంలో వారు ఒకరికొకరు సాక్షులయ్యారు.

ఇంట గెలిచి రచ్చ గెలువమని మన పెద్దలు అన్నారు. ఆ పొరుగు పోటీలలో రాటుదేలినవారు రచ్చ కూడా గెలిచారు. డర్హమ్ విద్యార్థి లీ కాల్హూన్ 1956లోను, 1960లోను ఒలింపిక్ హర్డిల్స్ పరుగులో బంగారు పతకాలు తెచ్చాడు. అదే కళాశాలలో చదివిన సామ్ జోన్స్ బోస్టన్ బాస్కెట్‌బాల్ జట్టులో పది జాతీయ విజయాలు చూశాడు. గ్రీన్స్‌బరోలో చదివిన ఆల్ ఆటిల్స్ 1975లో గోల్డెన్ స్టేట్ జట్టుకు కోచ్‌గా జాతీయ విజయం సాధించాడు.

2022 సెప్టెంబరులో షార్లెట్‌లో జరిగిన ఆటకు మా అల్లుడు నన్ను తీసుకువెళ్ళాడు. సెంట్రల్ 28-13తో గెలిచింది. ఆట నియమాలు నాకు సగమే అర్థమయ్యాయి. కాని విరామ సమయం పూర్తిగా అర్థమైంది. విరామంలో జనం తినడానికి లేస్తారనుకున్నాను, ఎవ్వరూ కదలలేదు. ఇరుపక్షాల బ్యాండు మేళాలు వంతులవారీగా మైదానంలోకి దిగాయి. వందల మంది పిల్లలు బాకాలు, డోళ్ళతో ఒక్క అడుగుగా కదలుతూ, వాయిస్తూనే నాట్యం చేశారు. అది రెండవ పోటీ. ఎవరి మేళం గెలిచిందో తీర్పు చెప్పేవారు లేరు గనుక ఇద్దరూ తామే గెలిచామంటారు. నా పక్కన మెరూను టోపీ పెట్టుకున్న ముసలాయన, ఆయన పక్కన నీలం చీటీ కట్టుకున్న ఆయన మరదలు. ఆట సాగినంతసేపు ఒకరినొకరు ఎత్తిపొడిచారు. అయిపోయాక ఒకే బుట్టలోని వేపుడు కోడి పంచుకుని తిన్నారు, నాకూ పెట్టారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. 1960 ఫిబ్రవరి 1వ తేదీ సోమవారం నాడు ఏ అండ్ టి కళాశాలలో మొదటి ఏడు చదువుతున్న నలుగురు కుర్రవాళ్ళు గ్రీన్స్‌బరోలోని ఉల్‌వర్త్ దుకాణానికి వెళ్ళారు. వారి పేర్లు ఎజెల్ బ్లెయిర్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్. తెల్లవారికి మాత్రమే వడ్డించే బల్ల ముందు కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. దుకాణం మూసేదాకా వారు లేవలేదు. మరునాడు ఇంకొందరు వచ్చారు. అదే ఊళ్ళోని బెనెట్ కళాశాల ఆడపిల్లలు కలిశారు. శనివారానికి వందల మంది అయ్యారు. అడ్డుకోవడానికి తెల్ల యువకుల గుంపు నిలబడితే, ఏ అండ్ టి ఫుట్‌బాల్ ఆటగాళ్ళు చిన్న జెండాలు పట్టుకుని గుంపును చీల్చి తమవారికి దారి చేశారు. మైదానంలో నేర్చిన విద్య వీధిలో పనికివచ్చింది.

సరిగ్గా వారం తిరిగేసరికి, ఫిబ్రవరి 8న, డర్హమ్‌లో గద్దల కళాశాల విద్యార్థులు తమ ఊరి దుకాణాలలో అదే విధంగా కూర్చున్నారు. ఆ నెల 16న మార్టిన్ లూథర్ కింగ్ డర్హమ్ వచ్చి ప్రసంగించారు. జూలై 25న గ్రీన్స్‌బరో దుకాణం నల్లవారికి వడ్డించింది. ఆ కుర్రవాళ్ళు పట్టిన సత్యాగ్రహమనే ఆయుధాన్ని గాంధీగారు మొదట మన దేశంలోనే పదును పెట్టారని మన పిల్లలు మరువరాదు.

భారతంలో ఘోషయాత్ర కథ మీకు తెలిసినదే. గంధర్వులు దుర్యోధనుణ్ణి పట్టుకుపోతుంటే భీముడు సంతోషించాడు. ధర్మరాజు మందలించాడు. మనలో మనకు తగవు వచ్చినప్పుడు మనం ఐదుగురం, వారు నూరుగురు. పరాయివాడు మీదికి వస్తే మనం నూట ఐదుగురం అన్నాడు. ఆ ఫిబ్రవరి నెలలో సేద్యగాళ్ళు, గద్దలు నూట ఐదుగురయ్యారు. పంతం వారిని విడదీయలేదు. పొరుగువాడు చేసిన పని మనమూ చేయలేమా అన్న పౌరుషాన్నే వారికి నేర్పింది.

కాని కథ అక్కడ ముగియదు. తలుపులు తెరుచుకున్నాక కొత్త కష్టం వచ్చింది. 1966లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఛార్లీ స్కాట్ చేరాడు. ఆటకు ఉపకారవేతనం పొంది అక్కడ చేరిన మొదటి నల్ల విద్యార్థి అతడే. అది న్యాయమే, సంతోషమే. కాని ఆ తరువాత తెల్ల విశ్వవిద్యాలయాలు పెద్ద మైదానాలు, టెలివిజన్, డబ్బు చూపి మేటి ఆటగాళ్ళను తీసుకుపోయాయి. పొరుగింటి పుల్లకూర రుచి కదా! నల్ల కళాశాలలు చిక్కిపోయాయి. వర్జీనియాలో సెయింట్ పాల్స్ కళాశాల 2013లో మూతపడింది. ఒక కళాశాల మూతపడితే పొరుగు కళాశాలలకు ఒక ప్రత్యర్థి తక్కువ. ప్రత్యర్థి లేనివాడు గెలుపెక్కడ వెతుక్కుంటాడు?

ఏ అండ్ టి, సెంట్రల్ రెండూ 1970లో కలిసి ఒక క్రీడాసంఘం స్థాపించినవారిలో ఉన్నాయి. 2021లో ఏ అండ్ టి ఆ సంఘం వదలి వేరేదానిలో చేరింది. ఇక ఏటా ఆడాలన్న నియమం లేదు. అయినా 2022లో, 2023లో, 2024లో ఆడుతూనే వచ్చారు. చట్టం బలవంతం చేసినప్పుడు కలిసి ఆడడం సులువు. బలవంతం పోయాక కూడా కావాలని కలిసి ఆడడమే గొప్ప.

ఇది మన కథ ఎలా అయిందంటే, 1961లో మన డర్బన్ రేవులోని సాలిస్‌బరీ ద్వీపంలో భారతీయులకు వేరే కళాశాల పెట్టారు. అమెరికాలో సాలిస్‌బరీ, ఇక్కడా సాలిస్‌బరీ! గీత గీసిన చేయి వేరు, గీత ఒకటే. తరువాత అది వెస్ట్‌విల్‌కు మారింది, 2004లో నేటాల్ విశ్వవిద్యాలయంతో కలిసిపోయింది. మేము చదివిన బడులలో కూడా భారతీయుల బడి భారతీయుల బడితోనే ఆడాలి. ఆ నియమం అన్యాయం, పోయింది, పోవలసిందే. కాని ఆ గీత లోపలే మన పెద్దలు బడులు, గుడులు, భజన మండళ్ళు, తెలుగు తరగతులు కట్టారు. తలుపు తెరుచుకున్న రోజున మనం సంతోషంగా బయటికి నడిచాము. వెనుక ఇంట్లో దీపం ఎవరు పెడుతున్నారో చూడలేదు. ఒకప్పుడు నలభై మంది కూర్చున్న మా సాయంకాలపు తరగతిలో ఈనాడు తొమ్మిదిమంది ఉన్నారు.

పిల్లలను బెదిరించి, బతిమాలి తరగతికి తేలేము. నేను నలభై ఏళ్ళు బడిలో పనిచేసి నేర్చుకున్నది ఒకటే: పిల్లవాడు పంతులు కోసం చదవడు, పక్కవాడిని మించడానికి చదువుతాడు. మనకు కావలసినది మంచి పొరుగు పంతం. కనుక ఈ సభకు నా మనవి ఇది. వచ్చే ఉగాదికి రెండు పొరుగు ఊళ్ళ తెలుగు తరగతులు పోటీకి దిగాలి. పద్యాలు, కథ చెప్పడం, వ్రాత, ఆఖరున ఒక ఫుట్‌బాల్ ఆట. రెండు జట్లకు రెండు రంగులు, ఒక చిన్న కప్పు. ఒక ఏడు మా ఊళ్ళో, మరొక ఏడు వారి ఊళ్ళో. ఓడినవారు మరునాడు గెలిచినవారికి భోజనం పెట్టాలి. మా తరగతి తొమ్మిదిమందీ సిద్ధంగా ఉన్నారు. పొరుగు ఊరివారు పదిమందిని తెస్తే మేము పదకొండుమందిని తెస్తాము. ఇది మా పంతం.